ఎడమ కాలి గంబూటు

నేను ఎడమ కాలి గంబూటుని. ముదురాకుపచ్చ రంగు, మోకాలి కిందిదాకా ఎత్తు, మడమ పైన సైకిలు ట్యూబు ముక్కతో వేసిన అతుకు. లోపల అరికాలు ఆనేచోట 240 అని అచ్చు ఉంటుంది. కొరియాలో పాదాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అది నా కొలత.

పుట్టింది బూసాన్‌లో. రబ్బరు చెప్పులకు, బూట్లకు ఆ ఊరు ఒకప్పుడు పెట్టింది పేరు. మెట్టింది మాత్రం జిందోలో. దక్షిణ కొరియాకు నైరుతి మూలన, జెజు, గొజె తర్వాత ఆ దేశంలో మూడో పెద్ద దీవి ఇది. హ్వేదొంగ్ ఊళ్ళో సముద్రం ఒడ్డున ఉండే ఒక ముసలమ్మ నన్ను, నా జతని సంతలో కొన్నది. ఊళ్ళో అందరూ ఆమెను హల్మనీ అంటారు. అంటే మన అమ్మమ్మో నాయనమ్మో, ఎవరైనా సరే.

ఏడాదిలో ఎక్కువ రోజులు నాది పొలం పనే. మా దీవి చలికాలంలో పండే లావాటి ఉల్లికాడలకు పేరు. మంచు పడ్డ మట్టిలో దిగబడి, మళ్ళీ పైకి లేచి, సాళ్ళ వెంట హల్మనీతో పాటు రోజంతా నడుస్తాను. నా రబ్బరుకి పట్టిన ఉల్లి వాసన ఎంత కడిగినా పోదు. కానీ వసంతంలో మూడు నాలుగు రోజులు నన్ను సబ్బుతో తోమి, ఒడ్డున పాతిన కర్రలకు తలకిందులుగా గుచ్చి ఆరబెట్టి, వచ్చినవాళ్ళకి అద్దెకిస్తారు. నా పక్కన పసుపువి, ఎర్రవి, నీలివి ఇంకో ముప్పై నలభై జతలు. అప్పుడు నాకు తెలిసిపోతుంది, సముద్రం తెరుచుకునే పండగ వచ్చిందని.

తెరుచుకోవడమంటే నిజంగానే తెరుచుకోవడం. హ్వేదొంగ్ నుంచి ఎదురుగా ఉన్న మోదో అనే చిన్న దీవి దాకా, 2.8 కిలోమీటర్లు, నలభై నుంచి అరవై మీటర్ల వెడల్పున సముద్రం అడుగు బయటపడుతుంది. దాదాపు గంట సేపు ఉంటుంది. తర్వాత మళ్ళీ మునిగిపోతుంది. ఇందులో మాయ లేదు. రెండు దీవుల మధ్య నీటి కింద గులకరాళ్ళ గట్టు ఒకటి ఉంది. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే వరసలో నిలబడి లాగితే పోటు బాగా ఎత్తుకు పోతుంది, ఆటు బాగా లోతుకు దిగుతుంది. వసంతంలో కొన్ని రోజులు ఆటు ఎంత దిగుతుందంటే, ఆ గట్టు వీపు నీటిపైకి లేస్తుంది. చంద్రుడి లెక్క కాబట్టి మన పండగల్లాగే ఇంగ్లీషు క్యాలెండరులో దీని తేదీ ఏటా మారుతుంది.

బయటి లోకానికి ఈ సంగతి చెప్పినాయన ఫ్రాన్స్ రాయబారి పియర్ లాండీ. 1975లో మా జిందో కుక్కల్ని చూడ్డానికి వచ్చారు. 1962లో ప్రభుత్వం 53వ నంబరు ప్రకృతి స్మారకంగా ప్రకటించిన జాతి అది. కుక్కల కోసం వచ్చిన మనిషి సముద్రాన్ని చూసి నిర్ఘాంతపోయి, బైబిల్లో మోషేకి సముద్రం విడిపోయినట్టు కొరియాలో జరిగే అద్భుతమని తమ దేశపు పత్రికలో రాశారు. 1978 నుంచి పండగ జరుగుతోంది. 2000లో ఈ దారిని దేశపు 9వ నంబరు సుందర స్థలంగా గుర్తించారు.

ఎన్నో పాదాలు నాలో దూరాయి. పిల్లలవి, పెళ్ళికూతుళ్ళవి, ఫొటోగ్రాఫర్లవి, గట్టిగా అరుచుకుంటూ వచ్చే కుర్రాళ్ళవి. వాళ్ళందరినీ గుర్తుపెట్టుకోలేదు. ఒక్కామె గుర్తుంది.

కోవిడ్ రోజుల్లో ఆగిన పండగ మళ్ళీ మొదలయ్యాక ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. సముద్రం నిండుగా పోటు మీద ఉంది. యాభై దాటిన మనిషి, భుజాన బట్ట సంచి, సంచికి చిన్న పసుపుపచ్చ రిబ్బను. తెల్లవారకముందే సియోల్‌లో బయల్దేరి రెండున్నర గంటలు రైల్లో మొక్పో, అక్కణ్ణుంచి గంట బస్సులో జిందో. రాత్రికి మళ్ళీ వెళ్ళిపోవాలి.

"ఎన్ని జతలమ్మా?" అని హల్మనీ అడిగింది.

"ఒక్క జతే. 240."

"ఎవరూ రాలేదా?"

"ఒక్కదాన్నే వచ్చాను."

కొరియాలో దీనికి ఇప్పుడొక మాటే పుట్టింది, హోన్‌హేంగ్ అని. ఒంటరి ప్రయాణం. ఒంటరి భోజనానికి హోన్‌బాప్. మాట పుట్టినంత తేలిగ్గా మనుషులు మారలేదు. ఆమె దారిలో ఒక హోటలుకి వెళ్తే, ఇద్దరికి తక్కువైతే కూర వండం అన్నారట. అడిగితేనే ఆ మాట చెప్పింది, అదీ చాలా చిన్న గొంతుతో. హల్మనీ కుండలోంచి ఉడికిన చిలగడదుంప ఒకటి తీసి రెండుగా విరిచింది. పెద్ద ముక్క ఆమెకిచ్చింది.

"ఈ పండగ ఎవరిదనుకున్నావు? ఒక్కతే మిగిలిపోయిన ముసల్దానిది," అంది.

అప్పుడు మా హల్మనీ, ప్పోంగ్ హల్మనీ అనే ఆమె కథ చెప్పింది. నేను చాలాసార్లు విన్నదే అయినా ఆ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు. వెనకటికి ఈ ఊరి పేరు హోదొంగ్, పులుల ఊరు. పులులు మీద పడుతుంటే జనమంతా తెప్పలు కట్టుకుని మోదోకి పారిపోయారు. ఆ కంగారులో ఒక ముసలామె ఒడ్డునే మిగిలిపోయింది. తనవాళ్ళను ఒక్కసారి చూపించమని సముద్రాన్నేలే యోంగ్వాంగ్‌కి రోజూ మొక్కింది. కలలో ఆయన కనిపించి, రేపు నీటిమీద ఇంద్రధనుస్సు వేస్తాను, దానిమీద నడిచి రా అన్నాడట. తెల్లారేసరికి సముద్రం విడిపోయింది. అటునుంచి పిల్లలు, మనవలు డప్పులు కొట్టుకుంటూ ఎదురొచ్చారు. వాళ్ళను కళ్ళారా చూసుకుని, ఇక దిగుల్లేదని, ఆ దారిలోనే ప్రాణం విడిచింది. జనం తిరిగొచ్చారు కాబట్టి ఊరి పేరు హ్వేదొంగ్ అయింది. ఆమె బొమ్మ ఒడ్డునే ఉంది, పక్కన పులితో.

సియోల్ నుంచి వచ్చినామె దుంప తినడం ఆపి ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసింది. తర్వాత నా జతనీ నన్నూ తొడుక్కుంది. సన్నని పాదం, ఉన్ని మేజోడు, చిటికెన వేలి పక్కన పాత కాయ.

సముద్రం ఎలా తెరుచుకుంటుందో ఒడ్డున నిలబడి చూసేవాళ్ళు చాలామంది సరిగ్గా గమనించరు. ముందు కొంగలు చెబుతాయి. నడిసముద్రంలో నీటిమీద పక్షులు నిలబడి ఉంటాయి, ఈదడం లేదు, నిలబడే ఉన్నాయి. అంటే అక్కడ గట్టు వచ్చేసిందన్నమాట. తర్వాత నీలంలో ఒక గోధుమరంగు చార. అది విల్లులా వంగి ఉంటుంది, తిన్నగా ఉండదు. చారకి రెండు పక్కలా నురగ. ఆ తర్వాత ఎక్కడికక్కడ ముక్కలు ముక్కలుగా ఉన్నవి ఒకదాన్నొకటి అందుకుంటాయి.

అవి పూర్తిగా కలవకముందే జనం దిగారు. మేమూ దిగాం. నీరు ఎంత లోతో నాకు చూడక్కర్లేదు. నీటి బరువు రబ్బరుని పిక్కకి అదుముతుంది. చీలమండ దగ్గర నొక్కితే బెత్తెడు, పిక్క మధ్యలో నొక్కితే జానెడు. మొదటి వంద అడుగుల్లో నొక్కుడు పెరిగింది, ఆమె ఆగింది. ఇంకో రెండు నిమిషాలు నిలబడితే అదే నొక్కుడు వేలు వేలుగా కిందికి జారింది. సముద్రం తగ్గడాన్ని ఒంటిమీద కొలుచుకున్నది ఆ రోజే. మిగిలిన వాళ్ళెవరూ నాలో అంతసేపు కదలకుండా నిలబడలేదు.

తర్వాత నాచు. పచ్చగా, జిడ్డుగా ఉంటుంది. దానిమీద మడమ కాదు, ముందు వేళ్ళు ఆనాలి. ఆమెకి అది తెలియదు, రెండుసార్లు జారి, మూడోసారికి నేర్చుకుంది. ఆల్చిప్పల అంచులు నా అడుగుని గీరాయి. అడుగు పడగానే ఇసుకలోంచి చిప్పలోని జీవి సన్నటి నీటి తీగను చిమ్మింది, ఆమె వంగి చూసింది. చుట్టూ జనం గరిటెలతో, కొంకులతో చిప్పలు ఏరుతున్నారు, పిల్లలు చిన్న ఆక్టోపస్‌ని పట్టుకుని కేకలు పెడుతున్నారు. ఆమె ఏమీ ఏరలేదు. నడిచింది.

సగం దారిలో మా జిందో డప్పుగాళ్ళు ఎదురయ్యారు. డోలు ఒంటికి కట్టుకుని రెండు చేతులా రెండు కర్రలతో కొడుతూ ఆడే ఆట మా దీవిదే. ఆ దెబ్బ గులకరాళ్ళలోంచి నా అడుగులోకి, నాలోంచి ఆమె అరికాల్లోకి ఎక్కింది. వాళ్ళ వెనకే మోదో నుంచి వచ్చేవాళ్ళు. రెండు గుంపులూ నడిసముద్రంలో కలిశాయి. ఎవరో తెలియని ముసలామె ఈమె రెండు చేతులూ పట్టుకుని, ఎంతో కాలానికి చూసినట్టు ఊపింది. ఈమె ఏడ్చింది. కన్నీరు నామీద పడలేదు, కానీ మోకాళ్ళు వణకడం నాకు తెలిసింది.

ఆ పసుపు రిబ్బను సంగతి చెప్పాలి. మా దీవికి ఇంకో పక్కన పెంగ్మోక్ రేవు ఉంది. హ్వేదొంగ్‌కి అది కనిపించదు. 2014 ఏప్రిల్ 16న సేవోల్ అనే ఓడ మా దీవి దాపుల మునిగి 304 మంది పోయారు. అందులో ఎక్కువమంది బడి పిల్లలు. తల్లిదండ్రులు నెలల తరబడి ఆ రేవులోనే కూర్చున్నారు. అప్పటినుంచి కొరియాలో ఎంతోమంది సంచులకు ఆ రిబ్బను ఉంటుంది. ఈమెది ఎవరి కోసమో హల్మనీ అడగలేదు, ఆమె చెప్పలేదు. మా దీవిలో చనిపోయినవాళ్ళ దిగులు కడిగి పంపే పాటల పూజ ఒకటుంది, సిట్కిమ్‌గుట్ అంటారు. ఆ ఏప్రిల్‌లో మా దీవిలో పాడిన ప్రతి పాటా నాకు అదే అనిపించింది. ముసలామె కోసం పక్కకి తొలగిన సముద్రమే ఆ పిల్లల్ని తీసుకుంది. ఈ రెండూ నాకు తెలుసు. ఏది ముందు చెప్పాలో మాత్రం ఎన్నడూ తేల్చుకోలేదు.

మడమ పైన అతుకు ఎప్పుడో ఊడింది. చల్లటి నీరు సన్నగా లోపలికి వచ్చి మేజోడు తడిసింది. నా తప్పే. ఆమెకి తెలిసింది, కాలు ఒకసారి విదిల్చింది, అంతే.

మోదో ఒడ్డు ఇంకో కిలోమీటరు ఉందనగా ఈలలు మోగాయి. పండగ పనివాళ్ళు చేతులూపుతూ అందరినీ తిప్పి పంపుతున్నారు. ఆమె ఒక్క క్షణం మోదో వైపు చూసి వెనక్కి తిరిగింది. పోటు మొదలైతే ఆలస్యం చెయ్యదు. వచ్చేటప్పుడు చీలమండ దాకా ఉన్నచోట తిరుగుదారిలో పిక్క దాకా నొక్కింది. ఒడ్డు ఎక్కి వెనక్కి చూసేసరికి మోదో మళ్ళీ దీవి అయిపోయింది.

హల్మనీ అద్దె తీసుకుంది, తడిసిన మేజోడు చూసి తన మేజోళ్ళు ఒక జత ఇచ్చింది. చివరి బస్సుకి టైమవుతోందని ఆమె గబగబా నడిచింది. ఆ రాత్రే నాకు కొత్త అతుకు పడింది. ఇప్పటికీ గట్టిగా ఉంది.

మీరు వస్తే ఆ ఏటి తేదీ, సముద్రం తెరుచుకునే సమయం ముందే చూసుకుని రండి. కొన్ని రోజులు తెల్లవారుజామున, కొన్ని రోజులు సాయంత్రం తెరుచుకుంటుంది. నాచుమీద వేళ్ళు ఆనించి నడవండి. ఈల వినబడగానే తిరగండి. తోడు దొరకలేదని మాత్రం ఆగకండి. ఒడ్డున ఎడమ పక్కన మూడో కర్రకి ఉంటాను. నా కొలత 240.