లివర్‌ను ఉతికి ఆరేద్దాం

మొన్న పొద్దున్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో శుభోదయాల మధ్య ఒక ఫొటో ఊడిపడింది. స్టీలు జల్లెడలో పచ్చగా, నున్నగా, బఠాణీ గింజలంత ఉండలు. కింద గర్వంగా ‘మొత్తం 23!’ అని రాశారు. అయిదో అంతస్తావిడ ఊరుకుంటారా? ‘మావారికి 31 అండీ’ అన్నారు. అప్పుడు నా పళ్లెంలో ఉన్నది పచ్చి బఠాణీలు వేసిన ఉప్మా. అలాగే వదిలేసి లేచాను.

లివర్ డిటాక్స్ అంటే ఇదే. ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్టు. రాత్రి గటగటా తాగి కుడివైపు తిరిగి పడుకుంటే, ఏళ్ల తరబడి లివర్లో పేరుకున్న చెత్త తెల్లారేసరికి రాళ్లై రాలుతుందట. వాటిని జల్లెడ పట్టి, లెక్కపెట్టి, ఫొటో తీసి పదిమందికీ చూపించాలట. మనం పెళ్లి ఆల్బమ్ చూపించడానికి కూడా ఇంత ఉత్సాహపడలేదు.

ఆ రాళ్ల జాతకం 2005లోనే ‘లాన్సెట్’లో అచ్చయింది. ఒకావిడ ఇలాగే తాగి, రాలినవి భద్రంగా దాచి డాక్టర్ల దగ్గరికి పట్టుకెళ్లింది. పరీక్షిస్తే కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు. 40 డిగ్రీల వేడికే కరిగి నూనెలా అయ్యాయి. తాగిన ఆలివ్ నూనే నిమ్మరసంతో కలిసి కడుపులో గడ్డకట్టింది. తేటతెలుగులో చెప్పాలంటే, సబ్బు. ఆవిడ అసలు రాళ్లు మాత్రం పిత్తాశయంలోనే ఉన్నాయి, ఆపరేషన్ చేసి తీశారు.

అంటే మా అయిదో అంతస్తాయన ఒక్క రాత్రిలో 31 సబ్బుబిళ్లలు తయారుచేశారన్నమాట. మళ్లీ తాగితే మళ్లీ వస్తాయి. నూనె సీసా ఖాళీ అయ్యేదాకా వస్తూనే ఉంటాయి. అన్నేళ్ల చెత్త ఎక్కణ్ణుంచి వస్తోందని ఎవరికీ అనుమానం రాలేదు. ఒక కుటీర పరిశ్రమ పెట్టి, చందనం రంగు కలిపి అమ్ముకోవచ్చు.

పక్క బ్లాకులో తిప్పతీగ కషాయం నడుస్తోంది. అది తాగి లివరే దెబ్బతిన్నవాళ్ల గురించి 2021లోనే ముంబయి డాక్టర్లు రాశారు. చదివేదెవరు?

నవ్వినంతసేపు నవ్వాను. ఇక నవ్వలేను. మా పెద్దమ్మ కొడుకు చుక్క ముట్టనివాడు. హెపటైటిస్ బి లేదు, సి లేదు. ఉన్నవల్లా 14 ఏళ్ల షుగరు, బెల్టు మీదికి జారిన పొట్ట, వరసగా నాలుగు స్కానింగ్ రిపోర్టుల్లో ‘ఫ్యాటీ లివర్’ అన్న ఒక్క ముక్క. చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: ‘అందరికీ ఉండేదేనండీ.’ అయిదోసారి స్కానింగ్‌లో గడ్డ కనబడింది. అప్పటికే కోసి తీసే దశ దాటిపోయింది. దినం నాడు భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి నా చెవిలో, ‘లోపల్లోపల తాగేవాడేమోనోయ్’ అన్నాడు. విస్తరి ఆయన మొహాన కొట్టనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

తాగితేనే లివర్ చెడుతుందని, కామెర్లు రాకపోతే లివర్ భద్రమని ఎవడు చెప్పాడు మనకి? హెపటైటిస్ బి వైరస్ సంగతికొస్తే 1997లో ఈ హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు చవకగా టీకా తెచ్చారు. పొట్టకీ షుగరుకీ టీకా లేదు. లివర్లో చేరిన కొవ్వు ఏళ్లకేళ్లు వాపు రగిలిస్తుంది, మచ్చలు కడుతుంది, గట్టిపరుస్తుంది. కొందరికి అంతగా గట్టిపడకముందే క్యాన్సర్ తగులుకుంటుంది. అలా గట్టిపడ్డ లివర్, అంటే సిరోసిస్, ఉందని తెలిసినవాళ్లకయితే ఆర్నెల్లకోసారి స్కానింగ్ చెయ్యమంటారు. ఇంకా అక్కడిదాకా రాని ఈ కొవ్వు లివర్ వాళ్లని ఎవరు పిలుస్తారు? 2023 దాకా ఈ జబ్బు పేరే ‘తాగనివాళ్ల కొవ్వు లివర్’. రోగికి ఏముందో చెప్పకుండా ఏం అలవాటు లేదో చెప్పే పేరు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే నూటికి 84 మంది లివర్లో కొవ్వు తేలిందని 2025లో బయటపెట్టారు. ‘అందరికీ ఉండేదే’ అనేవాళ్లు ఆ అంకె చూసి ఇంకా ధీమాగా అంటున్నారు. ఊరంతా అంటుకుంది కదా, మనింట్లో పొగ మామూలే అన్నట్టుంది.

వయసు, ప్లేట్‌లెట్లు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే రెండు లివర్ ఎంజైములు. ఈ నాలుగూ ఉంటే ఫిబ్-4 లెక్క ఫోన్లో అరనిమిషంలో తేలుతుంది. లివర్ ఎంత గట్టిపడి ఉండొచ్చో ఓ అంచనా దొరుకుతుంది. మా అన్నయ్య ఫైల్లో ఆ నాలుగు అంకెలూ ఏటేటా ఉన్నాయి. లెక్క ఒక్కరూ వెయ్యలేదు. జల్లెడలో రాళ్లు మాత్రం ఊరంతా లెక్కపెడుతోంది.

ఉండబట్టలేక నిన్న రాత్రి గ్రూపులో రాశాను: ‘అవి రాళ్లు కావండీ, సబ్బు.’

అయిదో అంతస్తావిడ వెంటనే జవాబిచ్చారు: ‘మరి అందుకేగా అన్నయ్యగారూ, లోపలంతా అంత శుభ్రంగా కడిగేసింది!’

దాని కింద సెక్రటరీగారి ప్రకటన. వచ్చే ఆదివారం రెండో బ్యాచ్, ఆలివ్ నూనె టోకున తెప్పిస్తున్నారు, జల్లెడ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.