తాబేలు మాస్టారు

జనవరి వచ్చిందంటే విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద ఒక రకం మనిషి కనబడడం మొదలవుతుంది. ఇతడు అటవీశాఖ ఉద్యోగి కావచ్చు, జంతు సంరక్షణ సంస్థలో వలంటీరు కావచ్చు, రిటైరైన జువాలజీ లెక్చరరు కావచ్చు. జనం నోట మాత్రం తాబేలు మాస్టారే. ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లను కాపాడుకోవాలని ప్రజలకు నచ్చజెప్పడం ఇతడి పని. అందులో చిక్కల్లా ఒక్కటే: మనుషులు దూరంగా ఉంటేనే తాబేలు బతుకుతుందని చెప్పడానికి ముందుగా మనుషుల్ని దగ్గరికి పోగుచెయ్యాలి.

మాస్టారి సంవత్సరానికి మూడు పండుగలు. గుడ్లు పెట్టే కాలంలో, అంటే సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ఆర్కే బీచ్, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ తీరాల్లో గుడ్లు పగిలే కొద్దీ తాబేలు పిల్లల్ని కడలిలోకి వదిలే కార్యక్రమాలు. మే 23న ప్రపంచ తాబేళ్ల దినోత్సవం. అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. అప్పుడు జూపార్కులోనో, బడుల్లోనో స్టాలు. మిగిలిన నెలల్లో బంధువుల పెళ్లిళ్లు ఉంటాయి గనుక మాస్టారి సాధన తప్పదు. భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవాడు రొయ్యల వేపుడు వడ్డించుకున్నాడా, రొయ్యలతో పాటు తాబేళ్లనూ పట్టే ట్రాలరు వలల మీద ప్రసంగం మొదలు.

సరంజామా కొద్దిదే. ప్లాస్టిక్ వాడొద్దని రాసిన ఫ్లెక్సీ ఒకటి; అదీ ప్లాస్టిక్కేనని ఏటా ఎవరో ఒక కుర్రాడు కనిపెడతాడు. ఒక ఫైబర్ తాబేలు. దాని వీపు మీద పిల్లల్ని కూర్చోబెట్టి తల్లులు ఫొటోలు తీస్తారు. గుడ్లకు బదులు ఒక బుట్టెడు పింగ్‌పాంగ్ బంతులు. అసలు గుడ్డు అంతే ఉంటుంది, అలాగే తెల్లగా గుండ్రంగా ఉంటుంది. తల్లి తాబేలు అడుగున్నర లోతు గుంట తీసి ఒక్కసారే వంద పైచిలుకు పెడుతుందని చెబుతూ మాస్టారు బంతులు ఇసుకలో పరుస్తాడు. సాయంత్రానికి సగం ఉండవు. నక్కలూ కుక్కలూ గుడ్లు తవ్వుకుపోతాయని వేరే వివరించే పని ఆయనకు తప్పుతుంది.

శ్రోతల ప్రశ్నలు ఏ ఏటికా ఏడు మారవు. “తల లోపలికి లాక్కోదేటండీ?” అన్నది మొదటిది. సముద్ర తాబేలు తలనూ కాళ్లనూ డిప్పలోకి ముడుచుకోలేదు. కుందేలుతో పందెం వేసిన తాబేలుకే అలవాటుపడ్డ పిల్లలు ఆ మాట విని, ఇది అసలు తాబేలేనా అన్నట్టు చూస్తారు. రెండోది తల్లి కన్నీళ్ల గురించి. గుడ్లు పెడుతూ ఏడుస్తుందట కదా అని కళ్లు తుడుచుకుంటూ అడిగే పెద్దావిడకు, అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును గ్రంథుల ద్వారా బయటికి పంపడమేనని చెప్పడానికి మాస్టారికి మనసొప్పదు. చెబుతాడు. ఆవిడ నమ్మదు.

మూడోది వాస్తు ప్రశ్న. తాబేలును ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందట కదా? ఇక్కడ మాస్టారు గొంతు పెంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తీస్తాడు. ఆలివ్ రిడ్లే అందులో మొదటి షెడ్యూలు ప్రాణి. పట్టుకున్నా, గుడ్లు తీసినా జైలే. అడిగినాయన తనది ఇత్తడి తాబేలని అప్పుడు బయటపెడతాడు.

అన్నిటికంటే రసవత్తరమైన ఘట్టం లింగనిర్ణయం. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి పెరిగితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. ఆ మాట వినగానే వెనక వరసలోని అత్తగారు కోడలి వైపు ఒకసారీ, సూర్యుడి వైపు ఒకసారీ చూస్తుంది. భూతాపం వల్ల మగ తాబేళ్లు కరువవుతాయన్న అసలు సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోతుంది.

పిల్లల్ని వదిలే రోజు మాస్టారికి పరీక్ష. సుమారు 45 నుంచి 60 రోజులకు గుడ్లు పగిలి, పిల్లలు ఎక్కువగా రాత్రిపూట ఇసుక చల్లబడ్డాక పైకొస్తాయి. వాటికి మొదటి ఈతకు కావలసిన సత్తువ ఒంట్లో మిగిలిన పచ్చసొన నుంచే రావాలి. వదిలేదాకా ఉంచిన తొట్టిలో కొట్టుకున్న కొద్దీ ఆ సత్తువ తరిగిపోతుంది. ముఖ్య అతిథికి ఈ జీవశాస్త్రం తెలియదు. ఆయన కారు ఇంకా సిరిపురం దాటలేదని ఫోనొస్తుంది. మాస్టారు ఒక కన్ను తొట్టి మీద, ఒక కన్ను రోడ్డు మీద వేసి ప్రసంగం సాగదీస్తాడు. అతిథి వచ్చాక పిల్లను ఎత్తిపట్టుకుని కెమెరాకు చూపిస్తాడు. నేరుగా నీళ్లలో వెయ్యకూడదని, ఇసుక మీద పాకనివ్వాలని, పుట్టిన తీరం గుర్తుండడానికి అది తోడ్పడుతుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారని మాస్టారు మైకులో చెబుతూనే ఉంటాడు. ఫ్లాష్ వెయ్యొద్దని కూడా చెబుతాడు. వెలుతురు వైపే పోవడం ఆ పిల్లల నైజం గనుక కొన్ని సముద్రం వదిలి సెల్‌ఫోన్ల వైపు తిరుగుతాయి.

ఈ సందడి అంతటికీ ఒక పక్కన గుడ్ల కాపలాకు అటవీశాఖ పెట్టుకున్న మత్స్యకారుడు నిలబడి ఉంటాడు. రాత్రంతా తీరం వెంట నడిచి జాడ పట్టేదీ, గుడ్లను తిరగబడకుండా గంటల వ్యవధిలో హేచరీకి చేర్చేదీ అతడే; ఆలస్యమై గుడ్డు తిరగబడితే లోపలి పిండం చచ్చిపోతుంది. మాస్టారు వల నుంచి తాబేలు తప్పించుకునే పరికరం గురించి చెబితే అతడు వింటాడు. “తాబేలెల్లిపోయే కన్నంలోంచి సేపలెల్లిపోవేటి బాబూ?” అని అడుగుతాడు. ఆ పరికరం లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను ఆపేసిందని మాస్టారి జవాబు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుందని, గుడ్లు పెట్టే కాలం అప్పటికి దాదాపు అయిపోతుందని అతడు తిరిగి గుర్తుచేస్తాడు. ఈ ఇద్దరి సంభాషణే ఆ రోజు కార్యక్రమంలో అసలు పాఠం. మైకు అప్పటికే కట్టేసి ఉంటుంది.

మాస్టారి పని ఫలించిందా లేదా అన్నది వెంటనే తేలేది కాదు. ఆడపిల్ల పెరిగి గుడ్లు పెట్టడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. అప్పటికి ఆర్కే బీచ్‌లో ఇసుక మిగలాలంటే పోర్టు వాళ్లు డ్రెడ్జింగు ఇసుక తెచ్చి పోస్తూనే ఉండాలి. ఆ తాబేలు గుడ్లు పెట్టడానికి వచ్చేది రాత్రివేళ. ఆ రాత్రి ఒడ్డున చూడడానికి ఒక్కరూ లేకపోతే జనం పాఠం నేర్చినట్టు. టార్చిలైట్లతో చుట్టూ మూగితే, ఫైబర్ తాబేలును మళ్లీ ఆటో ఎక్కించాల్సిందే.