మోజంజాహి మార్కెట్‌లో పండ్ల వాసన ఏది?

మా రోజుల్లో మోజంజాహి మార్కెట్‌కు ఎవరినీ దారి అడగక్కర్లేదు. గౌలిగూడలో బస్సు దిగి నడుస్తుంటే పండ్ల వాసనే పిలిచేది. గంపల నిండా వరిగడ్డి, అందులో మామిడిపండ్లు. బాపు ఒక్కో పండూ తీసి, తొడిమ దగ్గర వాసన చూసి, నచ్చితేనే సంచిలో వేసేవాడు. తర్వాత తలెత్తి గడియారం చూసి, "బస్సుకు ఇంకా యాళ్ల ఉన్నది, ఐస్‌క్రీం తిను బిడ్డా" అనేవాడు.

1908లో మూసీ నది హైదరాబాద్‌ను ముంచాక, నగరాన్ని బాగుచెయ్యడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. దాని హయాంలో 1935లో పూర్తయింది ఈ మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు, బోర్డు అధ్యక్షుడు మోజం జా పేరు పెట్టారు. పండ్లమ్ముకునేవాళ్లకు గ్రానైటు గోడలు, కమానులు, పైన గడియారం! చిల్లర బేరగాడికి అంత మర్యాద ఇచ్చిన కట్టడం ఇప్పుడొకటి చూపించండి.

1980ల్లో పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారం తరలిపోయింది. ఇరుకు సందుల్లోకి లారీలు రావు, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత మనం చేసిందేమిటి? కమానులకు రేకులు దించాం. బోర్డులు మేకులతో కొట్టాం. రాతికి రంగు పూశాం. నిగనిగలాడే గ్రానైటుకు రంగు! పగుళ్లలో రావిమొక్కలు మొలిచినా తలెత్తి చూసినవాడు లేడు.

2018లో పని మొదలుపెట్టి రేకులు పీకారు, రంగు గీకారు, సున్నంతో మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తెరిచారు. మంచి పని, చేసినవాళ్లకు దండం. నేను వెళ్లి రాతిమీద చెయ్యి పెట్టి చూశాను, అదే చల్లదనం. మేం బస్సు దిగిన గౌలిగూడ షెడ్డుకు ఆ యోగం లేదు. అదే 2018లో కుప్పకూలింది.

ఇప్పుడు పిల్లలు సాయంత్రాలు దీపాల కింద ఫొటో దిగి, ఐస్‌క్రీం తిని వెళ్తున్నారు. లోపల కొట్లున్నాయని కూడా కొందరికి తెలియదు. ఈసారి వెళ్లినప్పుడు లోపలికి నడవండి. ఏదో ఒక కొట్టులో ఏదో ఒకటి కొనండి. ఆ రాతికి మళ్లీ ఎవరైనా మేకు కొడుతుంటే మాత్రం, ఊరుకోకండి.