పదకొండు రోజుల పల్లవి

గుంయ్...

పదకొండు రోజులుగా మా హాల్లో ఇదే రాగం. ఆరోహణ లేదు, అవరోహణ లేదు, ఊపిరి తీసుకోవడం అసలే లేదు. పాట ఆపినా ఇది ఆగదు. పాట లేనప్పుడే ఇంకాస్త శ్రద్ధగా పాడుతుంది.

దీనికోసం నేను పన్నెండు వేల ఐదు వందలు పెట్టాను. అంటే, కొన్నది డ్యాక్. ఇది కొసరుగా వచ్చింది.

కంప్యూటర్లో ఉండేది పాట కాదు, అంకెల మూట. సీడీ లెక్కన సెకనుకి 44,100 అంకెలు, ఎడమ చెవికి వేరే, కుడి చెవికి వేరే. ఆ అంకెల్ని కరెంటు అలగా మార్చి స్పీకర్లకి అప్పజెప్పే దుబాసీ పేరు డ్యాక్. నిజానికి ఈ దుబాసీ ప్రతి కంప్యూటర్లోనూ పుట్టుకతోనే ఉంటాడట. ఈ ముక్క నాకు కొన్నాక తెలిసింది.

"మరి లోపలున్నవాడికేం రోగం?" అని అడిగింది మా ఆవిడ.

లోపల ప్రాసెసరూ, ఫ్యానూ, డిస్కూ అన్నీ ఒకే కొంపలో ఉంటాయి, వాటి కరెంటు గోలలో వాడు సరిగ్గా పని చేసుకోలేడు, బయట వేరు కాపురం పెట్టిస్తే బాగుపడతాడని చెప్పాను. ఉమ్మడి కుటుంబంలో పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి. 'వేరు కాపురం' అన్న మాట వినగానే డబ్బు మంజూరు చేసింది.

ఏది కొనాలన్నది డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు తేల్చాడు. "మావయ్యా, 768 కిలోహెర్ట్జ్‌ది తీసుకో. తక్కువది కొంటే తర్వాత బాధపడతావ్." మంచి వయసులో ఉన్న మనిషి చెవికి వినిపించేదే 20 కిలోహెర్ట్జ్ దాకా. వినాలనుకున్న దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ కొలిస్తే చాలునని లెక్క కట్టే, 1982లో సీడీ వచ్చినప్పుడు 44.1 దగ్గర ఆపారు. 768 అంటే గబ్బిలాల కచేరీ కూడా వదలకుండా వినిపించాలన్న ఉత్సాహం. వాడి మాట కాదనలేక తీసుకున్నాను. మా అపార్ట్‌మెంట్లో గబ్బిలాలు లేవు.

డబ్బా విప్పితే డ్యాక్ ఉంది, వైరు లేదు. కావలసింది ఒక పక్క మామూలు యూఎస్‌బీ, రెండో పక్క చదరపు మూతి ఉన్న ప్రింటర్ వైరు. మా ప్రింటర్ పోయి నాలుగేళ్లయింది. అయినా ధైర్యంగానే ఉన్నాను. మన ఇళ్లలో వస్తువు చస్తుందిగానీ వైరు చావదు. అటకెక్కుతుంది.

ఇక్కడ మా వైర్ల పెట్టె గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు మిక్సీ వచ్చిన అట్టపెట్టె అది. అందులో సన్నపిన్ను నోకియా ఛార్జర్లు మూడు. ఆ ఫోన్లు ఏ లోకంలో ఉన్నాయో. పాత మానిటర్ తాలూకు నీలంమూతి వైరు. డీవీడీ ప్లేయర్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు. డిష్ కేబుల్ ముక్క మూరెడు, ల్యాండ్‌లైన్ తీగ బారెడు, సగం వెలిగే దీపావళి బల్బుల దండ. ప్రతిదాన్నీ నేనే చుట్ట చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, విడివిడిగా పెట్టాను. అవి రాత్రిళ్లు లేచి వాటంతటవే పెనవేసుకుంటాయి. నాగులచవితికి పుట్ట కోసం ఊరి బయటికి వెళ్లేవాళ్లు మా అటక దగ్గరికి వస్తే సరిపోతుంది. ఒక్క వైరు కొస పట్టుకుని లాగితే, ఒకరికి శుభలేఖ ఇస్తే బంధువర్గమంతా బస్సెక్కినట్టు మొత్తం పెట్టె కదిలి వస్తుంది.

పోనీ పారేద్దామా అంటే ధైర్యం చాలదు. ఏ వైరు పారేస్తే తెల్లారేసరికి దాంతోనే అవసరం పడుతుంది. పదేళ్ల కిందట ఒకటి పారేశాను. మర్నాడు మా మావగారు కరెంటు రేజరు పట్టుకుని దిగారు. ఆయన ఉన్న నాలుగు రోజులూ గడ్డం పెంచుకునే తిరిగారు. అప్పట్నించీ పూచికపుల్లంత వైరు కూడా గడప దాటలేదు. ఏడు సూదుల గుండ్రటి మూతి ఉన్న వైరొకటి ఉంది. అది దేనికో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్నీ ఉంచాను. ఆనవాళ్లు చెప్పి ఎవరైనా తీసుకుపోవచ్చు.

రెండు గంటలు వెతికాక ప్రింటర్ వైరు దొరికింది. ప్రింటర్‌కే తగిలించి ఉంది. ఉండాల్సిన చోట ఉంటుందన్న అనుమానం రాక అక్కడ వెతకలేదు.

సరే, ల్యాప్‌టాప్‌కి తగిలించాను. ఇంతలో ఇంకో అన్యాయం బయటపడింది. 44,100 లెక్కన ఉన్న నా పాటని విండోస్ వారు 48,000గా మార్చి డ్యాక్‌కి పంపుతున్నారు. కుంచంతో కొలిచి తెచ్చిన ధాన్యాన్ని గుమ్మంలో కుమ్మరించి మళ్లీ కిలోల్లో తూచినట్టు. దానికి విరుగుడుగా, డ్యాక్‌ని ఒక్క పాటల ప్రోగ్రాముకే ఈనాం రాసిచ్చే ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఉంది. అదీ చేశాను. తేడా స్పష్టంగా వినిపించిందని అందరికీ చెప్పాను.

అప్పుడు మొదలైంది గుంయ్.

పరీక్షకి పెట్టుకున్నది మాయాబజార్‌లో పడవ పాట. 1957 నాటిది, మోనో. అంటే నా రెండు చెవులకీ వచ్చేది ఒకటే. అయినా వైరు మార్చడం, పల్లవి వినడం, ఆపడం. రంధ్రం మార్చడం, పల్లవి వినడం, ఆపడం. ఏడో రోజున మా ఆవిడ కూరగాయల కత్తితో సహా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "ఏవండీ, ఆ పాటకి చరణాలు లేవా? వారం రోజులైంది, మీ పడవ రేవు దాటలేదు."

ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. "ఎర్త్ ప్రాబ్లం సార్. ప్లగ్గుకి లావు పిన్ను పీకేస్తే పోద్ది" అన్నాడు. లోపల కరెంటు లీకైతే నన్ను వదిలేసి భూమిలోకి పొమ్మని చెప్పేది ఆ లావు పిన్నే. దాన్ని పీకేస్తే గుంయ్ పోతుంది. వెనకాలే నేనూ పోవచ్చు. టీ ఇచ్చి పంపేశాను.

తొమ్మిదో రోజు డ్యాక్‌నే అనుమానించాను. వెయ్యి హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టి సన్నటి కూతని అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయాను. పదకొండు వేలు దాటగానే డ్యాక్ మూగబోయింది. దొంగ దొరికాడు! వాపసు పంపడానికి డబ్బా వెతుకుతుంటే, లోపలి గదిలోంచి మా అబ్బాయి చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, ఆ కూత ఆపు! తల పగిలిపోతోంది."

తెర మీద అంకె 14,000.

ఆపాను. డబ్బా వెతకడం కూడా ఆపాను.

పదకొండో రోజు సాయంత్రం పెళ్లికి వెళ్లాలి. మా ఆవిడ చీర పరిచి, ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి ఇస్త్రీపెట్టె తగిలించింది.

గుంయ్ ఆగిపోయింది.

"ఏం చేశావ్?" అని కేకపెట్టాను.

"అబ్బ, రెండు నిమిషాలండీ, మళ్లీ పెట్టేస్తాను" అంది బెదిరిపోయి.

సంగతేమిటంటే, ల్యాప్‌టాప్ ఛార్జరూ మూడు పిన్నులదే, స్పీకర్ల యాంప్లిఫయరూ మూడు పిన్నులదే. ఒకటి తూర్పు గోడకి, ఒకటి పడమటి గోడకి. రెండూ చెరో దారిన భూమికి చేరుతుంటే, నేను మధ్యలో వైర్లు వేసి ఆ రెండు దారుల్నీ కలిపేశాను. సెకనుకి 50 సార్లు ఊగే మన కరెంటు ఆ చుట్టులో ప్రదక్షిణలు చేస్తోంది. ఛార్జర్ పీకితే చుట్టు తెగిపోతుంది. డ్యాక్ పాపం నిర్దోషి. రెండింటినీ ఒకే బోర్డుకి పెట్టి చూస్తే గుంయ్ సగమే తగ్గింది. పూర్తిగా పోవాలంటే మధ్యలో ఐసొలేటర్ అని ఇంకో పెట్టె కొనాలన్నాడు డల్లాస్ నుంచి మేనల్లుడు. వేరు కాపురంలో మళ్లీ వేరు కాపురం. ఆవిడ ముందు ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి ఇక మా ఇంట్లో సంగీతం బ్యాటరీ ఉన్నంతసేపే. ప్లగ్గు పీకినప్పట్నించీ కరుగుతూ అది అప్పటికి పద్నాలుగు శాతానికి వచ్చింది. ఆపి చూసుకునే వ్యవధి లేదు. పాట పెట్టి కూర్చున్నాను.

మా నాన్న రేడియోకి ఇంతకన్నా పెద్ద గుంయ్ ఉండేది. పాట వస్తుంటే ఆయన దాన్ని పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు. నాకిప్పుడు యాభై ఎనిమిది. వయసు నా చెవుల్లోంచి పై స్థాయిలన్నీ ఒక్కొక్కటే పట్టుకుపోయింది. గుంయ్‌ని మాత్రం భద్రంగా నాకు వదిలింది.

చరణం వచ్చింది. అభిమన్యుడూ శశిరేఖా దిగారు, కృష్ణుడూ రుక్మిణీ ఎక్కారు. చిన్నప్పుడు ఇక్కడిదాకానే మనసుపెట్టి చూసేవాళ్లం. తర్వాత ఎక్కేది బలరాముడూ రేవతీ. ఆ వయసులో వీళ్లకి పడవ షికారేమిటని నవ్వుకునేవాళ్లం.

"నా ఇస్త్రీ అయిపోయిందండీ, మీ ప్లగ్గు పెట్టుకోండి" అంది మా ఆవిడ, చీర చేతిమీద వేసుకుని అక్కడే నిలబడి.

బ్యాటరీ ఎనిమిది శాతం. పెట్టలేదు. కుర్చీ కొంచెం పక్కకి జరిపాను.