ర్యాంకు మావయ్య

కాలిఫోర్నియాలో నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట ఒక ర్యాంకు మావయ్య ఉండి తీరతాడు. తొంభైల్లో ఎంసెట్ రాసినవాడు. ర్యాంకెంతని అడిగితే మాత్రం, "ఆ ఏడు పేపరు మరీ టఫ్‌గా ఇచ్చార్రా" అంటాడు.

అమెరికాలో ఈయన మనసు దోచుకున్నది కమ్యూనిటీ కాలేజీల ప్లేస్‌మెంట్ టెస్టు. అక్యుప్లేసర్ అని, సరైన జవాబిచ్చినకొద్దీ కష్టమైన ప్రశ్న వేసే కంప్యూటర్ పరీక్ష. "మెషీనంటే అదీ!" అని మురిసిపోయేవాడు. అందులో దెబ్బతిన్నవాళ్ళను రెమీడియల్ లెక్కల్లో వేసేవారు. భిన్నాలు, శాతాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. ఫీజు కట్టాలి, ఆ క్రెడిట్లేమో యూనివర్సిటీకి బదిలీ కావు. చాలామంది అసలు కోర్సు మొహం చూడకుండానే మానేసేవారు. ఈ టెస్టుకన్నా హైస్కూలు మార్కులే నయమని తేలాక 2017లో ఏబీ 705 చట్టం వచ్చింది. 2019 కల్లా లెక్కల టెస్టుకు మంగళం పాడేశారు. నన్నడిగితే మంచి పనే. మావయ్యను అడక్కండి.

మొన్న ఇలాంటి ఒకాయన ఇంటికి, విజయవాడలో ఇంటర్ ముగించి మేనల్లుడొచ్చాడు. ఇక్కడి హైస్కూలు మార్కులు లేవు కనక కాలేజీవాళ్ళు ఓ ప్రశ్నావళి పంపారు: లెక్కలు ఎందాకా చదివావు, ఏ కోర్సుకు సిద్ధమనుకుంటున్నావు? మావయ్య కళ్ళజోడు ముక్కు చివరికి దించి వాడి వెనక నిలబడ్డాడు.

"టైమెంతరా?"

"టైమేం లేదు మావయ్యా."

"నెగెటివ్ మార్కులు?"

"అసలు మార్కులే లేవు."

"మరి నువ్వెంతవాడివో వాళ్ళకెలా తెలుస్తుంది?"

"నేనే చెప్పాలట."

మావయ్య సోఫాలో కూలబడ్డాడు. "నన్నూ ఇలాగే అడిగుంటే మద్రాసు ఐఐటీలో చదివుండేవాణ్ణి కదే!" అని అత్తయ్య దగ్గర వాపోయాడు. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "ఇప్పుడైనా చెప్పెయ్యండి, ఎవరొద్దన్నారు" అంది.

మేనల్లుడు కాల్క్యులస్‌కు టిక్కు పెట్టాడు. కాలేజీ సరేనంది. పరీక్ష పెట్టకుండా సీటిచ్చే కాలేజీ ఏం కాలేజీ? మావయ్య రాత్రుళ్ళు కూర్చుని తనే పేపరు తయారుచేశాడు. ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలన్నీ చేత్తో గీశాడు. వాడి ఫొటో అంటించి మరీ హాల్‌టికెట్ ఇచ్చాడు. పరీక్షా కేంద్రం: డైనింగ్ టేబుల్. ఆదివారం ఉదయం 9 గంటలకు. నిమిషం ఆలస్యమైనా అనుమతించబడదు.

ఆదివారం వాడు కళ్ళు నులుముకుంటూ మేడ దిగేసరికి 9.01. మావయ్య గుమ్మానికి చేతులడ్డం పెట్టాడు. కాళ్ళావేళ్ళా పడతాడేమోనని కాసేపు చూశాడు కూడా.

వాడు "సరే మావయ్యా" అని పైకెళ్ళి దుప్పటి ముసుగేసుకున్నాడు.