రెండు తాళాల పెట్టె

పోలవరంలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక ఆఫీసు. దాని రికార్డు రూములో ఫైళ్ళ కట్టల పక్కన ఒక ఇనుప పెట్టె ఉంది. తన కథ తనే చెప్పుకుంటుంది గానీ ‘నేను’ అనదు. పుట్టినప్పటి నుంచి అందరూ ‘టెండరు పెట్టె’ అనే పిలిచారు, దానికీ అదే అలవాటైపోయింది.

మూత మీద జానెడు చీలిక, ముందు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఇంజినీరు దగ్గర, రెండోది అకౌంట్సు వాళ్ళ దగ్గర. ఒక్కరే వచ్చి తెరవడానికి లేదు. అడుగున 1986 ఆగస్టు వరదలో పట్టిన ఒండ్రు మరక ఇప్పటికీ వదల్లేదు.

టెండరు రోజు మూడు గంటలకు చీలిక మూసేసేవారు. వచ్చిన కాంట్రాక్టర్ల ఎదుటే లక్క సీళ్ళు పగలగొట్టి, రేట్లు పైకి చదివేవారు. ఆ తర్వాత తలుపు వేసుకుని లోపల పరిశీలన. ఎవరికి అనుభవముంది, ఎవరికి యంత్రాలున్నాయి, రేటు గిట్టుబాటవుతుందా అని. ఇందులో పెట్టెకు తప్పేమీ కనిపించలేదు. కవరు తెరవకముందే ఒకరి రేటు ఇంకొకరికి తెలిస్తే ఇక పోటీ ఎక్కడిది? కానీ పని ఫలానా వాళ్ళకని తేలిపోయాక కూడా కాగితాలు దాస్తే, ఆ తాళం జనం మీద వేసినట్టే.

ఒక రోజును మాత్రం పెట్టె మరిచిపోలేదు. కొందరు దాని చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. పై ఊరి నుంచి వచ్చిన ఒక కుర్ర కాంట్రాక్టరు, చెమటకు తడిసిన కవరు పట్టుకుని మూడయ్యేదాకా గుమ్మంలోనే ఉండిపోయాడు. లోపల పడ్డవి రెండే కవర్లు.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. టెండర్లు కంప్యూటర్లోకి వెళ్ళాయి, పెట్టె మూలకు చేరింది. 2005 సమాచార హక్కు చట్టం మరో గీత గీసింది. సెక్షన్ 8 ప్రకారం వ్యాపార రహస్యాలను, పోటీలో సంస్థను దెబ్బతీసే వివరాలను ఇవ్వనక్కర్లేదు, విశాల ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప. కేబినెట్ కాగితాలకు రక్షణ ఉన్నా, నిర్ణయమై వ్యవహారం ముగిశాక ఆ నిర్ణయం, దాని కారణాలు బయటపెట్టాల్సిందే.

2019లో ఏది దాచాలి, ఏది చెప్పాలి అన్న ఈ ప్రశ్న పోలవరం ప్రాజెక్టు మీదికే వచ్చింది. ఆగస్టు 13న పోలవరం ప్రాజెక్టు అథారిటీ హైదరాబాద్‌లో సమావేశమైంది. ప్రాజెక్టు పనులకు రాష్ట్రం మళ్ళీ టెండర్లకు వెళ్తే ఖర్చు, జాప్యం పెరుగుతాయన్న తన అభిప్రాయాన్ని నాలుగు గోడల మధ్య ఉంచుకోలేదు, పత్రికలకు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం రివర్స్ టెండరుకే, అంటే ఇంకా తక్కువకు ఎవరు చేస్తారో చూసే పోటీకే వెళ్ళింది. సెప్టెంబరు 23న బిడ్ తెరిస్తే వచ్చింది ఒకే సంస్థ, ప్రభుత్వం పెట్టిన విలువ కంటే 12.6 శాతం తక్కువకు. లాభమా నష్టమా అని ఊరూరా వాదించుకున్నారు. అంకె బయటికొచ్చింది కనుకనే ఆ వాదన సాగింది. అదే ఏడాది వచ్చిన జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం 100 కోట్లు, ఆపైన పనుల టెండరు పత్రాలను ముందే జనం ముందు పెట్టమంది.

మొన్న ఒక రైతు రికార్డు రూముకు వచ్చాడు. కాలవ పనికి ఎవరెవరు ఎంత కోట్ చేశారో పట్టిక కావాలట. రాసుకోవడానికి బల్ల కనబడక, పెట్టె మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి సమాచార హక్కు దరఖాస్తు కాగితం పరిచాడు. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు తడిపి, చీలిక పక్కనే అదిమి అంటించాడు.