కొల్లేట్లో కారు ఆపి...

గణపవరం నుంచి ఆదివారం విహారం. ముందు గుంటుపల్లి. క్రీస్తు పూర్వమే బౌద్ధ భిక్షువుల కోసం కొండను తొలిచి గుండ్రటి చైత్యం చేశారు. కప్పుకి చెక్క వాసాల్లాగే రాతి వాసాలు దించారు. మనవాళ్లు తలెత్తి వాసాలు చూస్తేగా! ఇటుక ముక్క ఏరుకుని గోడ చూస్తారు. బాణం దిగిన గుండెకాయ, ఇటో పేరు, అటో పేరు. బ్రాహ్మీ శాసనాలు చదవడానికి పండితులు నానా తంటాలు పడ్డారు, పాపం. ఈ గోడ రాతలకి ఆ శ్రమ లేదు.

అట్నుంచి కొల్లేరు. 1999లో అభయారణ్యం, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు. కారు ఆపి ‘సరస్సు ఎక్కడండీ?’ అంటే, మేత బస్తాలు దింపిస్తున్న ఆసామి ‘ఆయ్, మీరు నించున్నది దాంట్లోనేనండి’ అన్నాడు. కాళ్ల కింద గట్టు, అటూ ఇటూ గిరగిరా ఏరేటర్లు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారని చదివాం. ఆ పేపరు గట్లకి అందలేదు కాబోలు.

ఆటపాకలో గూడబాతులకు ఇనప స్టాండ్లు వేశారు, వాటి మీదే కాపురం. అందరూ ఫొటోలు తీస్తుంటే ఓ పెద్దాయన మాత్రం లెక్క కట్టాడు: ‘ఇవి తినేది మన చేపలే కదండీ, మరి లీజు ఎవరు కడుతున్నట్టు?’